పాత ఆయిల్ ఇంజను: కాటాకు ఎక్కించే ముందు విలువ కట్టడం ఎలా?

నిడుగల్లు హోబళి పల్లెలలోనే కాక పావగడ తాలూకా అంతటా, ఎండిన బావి గట్టున గానీ పశువుల కొట్టంలో గానీ పాత ఆయిల్ ఇంజను మూలబడి ఉండటం తరచుగా చూస్తుంటాము. కపిల తోలే కష్టాన్ని తప్పించి ఒక తరం పాటు వేరుశనగను, రాగిని తడిపిన యంత్రమది. నేడు దానిపై కోళ్లు నిద్రిస్తున్నాయి. ఏదో ఒకనాడు గుజరీ వర్తకుడు వాకిట నిలిచి "కిలోకు ఇంత ఇస్తాను" అంటాడు. ఇంట్లో పెద్దవారు లేని వేళ, చేతిలో పైకం లేని వేళ ఆ మాట మంచిదిగానే తోస్తుంది.

ఆ వర్తకుడు మోసగాడని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అతడు ఇనుమును కొంటాడు కనుక ఇనుము ధరే చెబుతాడు. మనం అమ్ముతున్నది ఇనుమా, యంత్రమా అన్నది తేల్చుకోవలసిన బాధ్యత మనది. అందుకు మెకానిక్ విద్య అవసరం లేదు. ఒక పూట సమయం, కొంచెం ఓపిక, ఇంట్లో చదువుకునే పిల్లల సహాయం ఉంటే చాలు.

ఇంజను ఎందుకు మూలబడింది?

విలువ కట్టడానికి ముందు ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలి. ఇంజను చెడిపోయి మూలబడటం ఒకటి, నీరు లోతుకు పోయి మూలబడటం మరొకటి. మన ప్రాంతంలో రెండవదే ఎక్కువ.

గట్టున ఉన్న పంపు నీటిని "లాగుతుంది" అంటాము. నిజానికి బయటి గాలి ఒత్తిడే నీటిని గొట్టంలోకి నెడుతుంది. సముద్రమట్టం వద్ద ఆ ఒత్తిడి నీటిని సుమారు 10.3 మీటర్ల ఎత్తు వరకే నెట్టగలదు. ఆచరణలో 6, 7 మీటర్లు, అంటే ఇరవై అడుగుల పైచిలుకు మాత్రమే సాధ్యం. అందుచేతనే బావిలో నీరు దిగిన కొద్దీ మన పెద్దలు బావి లోపల అరుగు కట్టి ఇంజనును, పంపును కిందికి దింపేవారు. నీరు వందల అడుగుల బోర్లలోకి పోయిన తరువాత ఆ ఉపాయం కూడా చెల్లలేదు. నీటిలో మునిగి పనిచేసే విద్యుత్ మోటార్లు వచ్చాయి. వ్యవసాయ పంపులకు ఉచిత విద్యుత్తు ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుండి, కర్ణాటకలో 10 హెచ్.పి. వరకు 2008 నుండి అమలులోకి వచ్చింది. 5 హెచ్.పి. ఇంజను పూర్తి భారంతో నడిస్తే గంటకు ఒక లీటరుకు కొంచెం పైగా డీజిల్ తాగుతుంది. ఉచిత విద్యుత్తు ముందు ఈ ఖర్చు నిలువలేదు. ఇక తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాలలో దాదాపు 13,000 ఎకరాలు 2050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కుకు కౌలుకు వెళ్లాయి. 2018లో ప్రారంభమైన ఆ పార్కు పరిధిలోని పొలాలలో తడి పెట్టవలసిన పనే లేకుండా పోయింది.

కాబట్టి మీ ఇంజను మీకు పనికిరాకపోవడం వేరు, ఎవరికీ పనికిరాకపోవడం వేరు. నీరు పైనే ఉన్న చోట, విద్యుత్తు అందని చోట దానికి ఇప్పటికీ పని ఉంది.

ఒకే యంత్రానికి మూడు ధరలు

మొదటిది ఇనుము ధర. ఇది అన్నిటికంటే అడుగున ఉండే ధర. యంత్రం ఎంత పాడైనా ఇంతకు తగ్గదు.

రెండవది విడిభాగాల ధర. ఫ్యూయల్ పంపు, నాజిల్, ఫ్లైవీల్, సిలిండర్ హెడ్, నీటి పంపు మొదలైనవి పనికొచ్చే స్థితిలో ఉంటే, అదే నమూనా ఇంజను నడుపుతున్న వారికి అవి కావాలి.

మూడవది పనిచేసే యంత్రపు ధర. హ్యాండిల్ తిప్పగానే ప్రారంభమై, భారం మోయగల ఇంజనుకు వచ్చే ధర ఇది.

మీ ఇంజను ఈ మూడింటిలో ఏ మెట్టుపై ఉందో తేల్చడమే విలువ కట్టడం. ఎన్నేళ్ల నాటిదన్న సంగతి ఇందులో చాలా తక్కువ పాత్ర వహిస్తుంది.

పేరుపలకను చదవండి

ఇంజను ఒంటిపై చిన్న లోహపు పలక ఉంటుంది. దానిపై ఉన్న ఆంగ్లాక్షరాలను పిల్లలచేత చదివించి ఒక కాగితంపై రాయించండి. మట్టి పట్టి ఉంటే కిరోసిన్ తడిపిన గుడ్డతో మెల్లగా తుడవండి. ఉప్పుకాగితంతో రుద్దితే అక్షరాలు పోతాయి. దానిపై రంగు పూయరాదు, పలకను ఊడదీయరాదు. పలక లేని ఇంజనును కొనేవాడు అనుమానంతో చూస్తాడు.

పలకపై ముఖ్యంగా నాలుగు విషయాలు ఉంటాయి. ఒకటి, తయారీదారు పేరు, నమూనా. రెండు, శక్తి. 5 హెచ్.పి. అంటే సుమారు 3.7 కిలోవాట్లు. మూడు, వేగం. ఆర్.పి.ఎం. అంటే నిమిషానికి చుట్లు. నాలుగు, వరుస సంఖ్య.

మన వైపు కనిపించే ఇంజన్లను స్థూలంగా రెండు రకాలుగా విభజించవచ్చు. మొదటిది పెద్ద ఫ్లైవీళ్లతో నెమ్మదిగా, గంభీరంగా కొట్టుకునే లిస్టర్ తరహా. ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణంలో లిస్టర్ కంపెనీ రూపొందించిన ఈ నమూనాలో 6 హెచ్.పి. ఇంజను నిమిషానికి 650 చుట్లు మాత్రమే తిరుగుతుంది. దీని నకళ్లు గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో విస్తారంగా తయారయ్యాయి. రెండవది నిమిషానికి 1500 చుట్లు తిరిగే చిన్న ఇంజన్ల తరహా. పుణెలో 1946లో స్థాపించబడిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ వారి ఏవీ-1 నమూనా ఈ కోవకు చెందినది. దాని సిలిండర్ వ్యాసం 80 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 110 మిల్లీమీటర్లు, శక్తి 5 హెచ్.పి.

ఈ భేదం ధరకు ఎలా సంబంధిస్తుంది? లిస్టర్ తరహా ఇంజను ఎక్కువ బరువు తూగుతుంది కనుక దాని ఇనుము ధరే ఎక్కువ. కిర్లోస్కర్ తరహా ఇంజను బరువు తక్కువ. కానీ విడిభాగాలు, బాగుచేసే మెకానిక్‌లు సులభంగా దొరుకుతారు కనుక దాని పని ధర నిలబడుతుంది. దాన్ని తూకానికి వేస్తే నష్టం ఎక్కువ.

మీరే చేయగల పరీక్షలు

ఇంజనును ఆరుబయటికి తెచ్చిన తరువాతనే పరీక్షించండి. మూసిన కొట్టంలో గానీ బావి లోపల గానీ నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణం తీస్తుంది. పంచె, పైట చెంగు, జడ ఫ్లైవీల్ దరికి చేరనీయరాదు. హ్యాండిల్ ఎదురుతన్నితే మణికట్టు విరుగుతుంది. కాబట్టి అలవాటు ఉన్నవారే తిప్పాలి.

1. భాగాలు అన్నీ ఉన్నాయా? డీజిల్ ట్యాంకు, ఫ్యూయల్ పంపు, నాజిల్, సన్నని డీజిల్ గొట్టాలు, గవర్నర్ స్ప్రింగులు, హ్యాండిల్, పంపు, కప్లింగ్ లేదా పుల్లీ ఉన్నవో లేవో జాబితా రాయండి. వీటిలో ఫ్యూయల్ పంపు, నాజిల్ ప్రధానమైనవి. రైతులు "మైకో పంపు" అని పిలిచే భాగం బెంగళూరులో 1951లో ఏర్పడిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ వారిది. ఆ సంస్థ పేరు 2008లో బాష్ లిమిటెడ్‌గా మారింది. సరియైన ఫ్యూయల్ పంపు ఉన్న ఇంజనుకు, లేని ఇంజనుకు ధరలో చాలా తేడా ఉంటుంది.

2. తిరుగుతున్నదా? డీకంప్రెషన్ లివరును ఎత్తి, ఫ్లైవీల్‌ను చేతితో తిప్పండి. సులభంగా తిరిగితే శుభం. కదలకపోతే సుత్తితోనో గడ్డపారతోనో బలప్రయోగం చేయకండి. పిస్టన్ తుప్పుతో సిలిండర్‌కు అతుక్కుని ఉండవచ్చు. నాజిల్ తీసి, ఆ రంధ్రం గుండా కొంచెం డీజిల్, ఇంజన్ ఆయిలు కలిపి పోసి రెండు మూడు రోజులు నాననిచ్చి, మళ్లీ మెల్లగా ప్రయత్నించండి. కదిలిన తరువాత, నాజిల్ బిగించకముందే ఇంజనును పలుమార్లు తిప్పి లోపలి నూనెను పూర్తిగా బయటికి పంపాలి. అలా చేయకుండా ప్రారంభిస్తే ఆ నూనె మండి ఇంజను అదుపు తప్పుతుంది.

3. దమ్ము ఉందా? లివరును దించి నెమ్మదిగా తిప్పండి. ప్రతి రెండు చుట్లకు ఒకసారి బలమైన ఎదురుదెబ్బ తగిలి, ఫ్లైవీల్ వెనుకకు ఉబికితే కంప్రెషన్ ఉన్నట్లు. ఎదురులేకుండా జారిపోతే లేనట్లు. అప్పుడు నాజిల్ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిలు వేసి, నాజిల్ బిగించి, మళ్లీ చేతితో తిప్పండి. ఎదురు పెరిగితే లోపం రింగులు, లైనరు వద్ద ఉన్నది. పెరగకపోతే వాల్వుల వద్ద ఉన్నది. ఈ తేడా ముఖ్యం. వాల్వులు నూరించడం తక్కువ ఖర్చు. లైనరు, పిస్టన్, రింగులు మార్చడం ఎక్కువ ఖర్చు. ఈ పరీక్షలో వేసిన ఆయిలును కూడా పైన చెప్పినట్లే బయటికి పంపండి.

4. ఆయిలు ఏమి చెబుతున్నది? అడుగు ఆయిలు నల్లగా ఉండటం సహజం. మజ్జిగ వలె తెల్లబడి ఉంటే నీరు చేరినట్లు. వేళ్ల మధ్య రుద్దినప్పుడు మెరిసే లోహపు రజను తగిలితే బేరింగులు అరిగినట్లు.

5. నీటిదారి ఎలా ఉంది? వంటింటి గిన్నెల అడుగున తెల్లని పెచ్చు కట్టే ఈ నీటినే ఇంజను కూడా తాగింది. సిలిండరు చుట్టూ చల్లదనం కోసం నీరు తిరిగే దారిలో ఆ పెచ్చు పేరుకుంటే ఇంజను వేడెక్కి హెడ్ పగులుతుంది. నీటి గొట్టం విప్పి లోపలికి టార్చి వేసి చూడండి. హెడ్‌పై వెల్డింగు మచ్చలు, ఎమ్-సీల్ పూతలు ఉన్నవేమో కనిపెట్టండి.

6. పొగ ఏ రంగు? పై పరీక్షలన్నీ గట్టెక్కితేనే తాజా డీజిల్, తాజా ఆయిలు పోసి ప్రారంభించండి. మొదట వచ్చే పొగను లెక్కచేయకుండా, పది నిమిషాల తరువాత చూడండి. పొగ పలుచగా ఉంటే మంచిది. నల్లపొగ నాజిల్ లోపానికో అధిక భారానికో గుర్తు. నీలిపొగ ఆయిలు మండుతున్నదనడానికి గుర్తు. విడవని తెల్లపొగ దమ్ము లేదనో నీరు చేరిందనో చెబుతుంది. చల్లదనపు నీటిలో ఎడతెగని బుడగలు వస్తుంటే గాస్కెట్ పోయినట్లు, లేదా హెడ్ పగిలినట్లు.

కొనేవారు ఎదుట ఉండగా చల్లని ఇంజనును ప్రారంభించి చూపడం అమ్మేవారికే లాభం. ముందే వేడిచేసి ఉంచిన ఇంజనును తెలిసిన కొనుగోలుదారు చేయి పెట్టి కనిపెడతాడు, ధర తగ్గిస్తాడు. ఇదే సూత్రాన్ని కొనేవారు కూడా గుర్తుంచుకోవాలి.

లెక్క వేసే విధానం

కింది అంకెలు విధానం చూపడానికి మాత్రమే. అమ్మే నాటి ధరలను మీరే విచారించి ఆ స్థానాలలో వేసుకోవాలి.

ఇంజను, పంపు కలిసి 180 కిలోలు, ఇనుము కిలో 30 రూపాయలు అనుకుందాము. అంతా ఇనుముగా తూస్తే 5,400 రూపాయలు. కానీ అందులో ఇత్తడి, గన్‌మెటల్ భాగాలు 4 కిలోలు ఉన్నాయనుకుందాము. వాటిని విడదీసి కిలో 400 చొప్పున అమ్మితే 1,600. మిగిలిన 176 కిలోల ఇనుముకు 5,280. మొత్తం 6,880 రూపాయలు. అంటే తూకానికి వేసేటప్పుడు కూడా విడదీసి వేయడం వలన 1,480 రూపాయలు మిగిలాయి. ఈ 6,880 మీ అడుగు ధర.

ఇప్పుడు పని ధర. అదే నమూనా, నడుస్తున్న పాత ఇంజను మార్కెట్టులో 18,000 పలుకుతున్నదనుకుందాము. మీ ఇంజనుకు మరమ్మతు 6,000, రవాణా 1,500, కొనేవాడి శ్రమకు, నష్టభయానికి 2,000 తీసివేస్తే 8,500 మిగులుతుంది. ఇది అడుగు ధర కంటే ఎక్కువ. కాబట్టి దానిని యంత్రంగానే అమ్మాలి. అదే క్రాంకు షాఫ్టు కూడా పోయి మరమ్మతు 11,000 అయితే మిగిలేది 3,500 మాత్రమే. అప్పుడు మంచి భాగాలను విడిగా అమ్మి, మిగిలినది తూకానికి వేయడమే వివేకం.

ఈ లెక్కలో ఒక హెచ్చరిక దాగి ఉంది. అమ్మే ముందు మీరు మరమ్మతు చేయించవలసిన అవసరం లేదు. ఆరు వేలు ఖర్చు పెట్టినంత మాత్రాన ధర ఆరు వేలు పెరుగుతుందన్న హామీ లేదు. శుభ్రం చేయండి, తిరిగేలా చేయండి, లోపం ఏమిటో స్పష్టంగా చెప్పండి. కొత్త రంగు మాత్రం వేయకండి. రంగు కింద పగులు దాచారని కొనేవాడు భావిస్తాడు.

ఎవరికి అవసరం?

పొరుగు ఊరి రైతు ఒక్కడే కొనుగోలుదారు కాడు. పిండిమర, చెరకు రసం యంత్రం, పశుగ్రాసం నరికే యంత్రం, కాంక్రీటు మిక్సరు, జనరేటరు నడిపేవారికి ఇవి పనికివస్తాయి. చెరువు కింద, కాలువ కింద, నది ఒడ్డున నీరు పైనే ఉన్న రైతులకూ కావాలి. ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో ఒంటి సిలిండరు కిర్లోస్కర్ ఇంజన్లపై పరీక్షలు చేయడం మామూలు విషయం. దగ్గరలోని ఐ.టి.ఐ., పాలిటెక్నిక్‌లను కూడా బోధన కోసం కావాలేమో అడిగి చూడవచ్చు.

నీరు ఉన్న చోట ఈ ఇంజనుకు ఎంతటి గౌరవమో బెంగాల్ చెబుతుంది. బంగ్లాదేశ్‌లోనూ సుందరవనాలలోనూ పొలాలకు నీరు తోడే ఇలాంటి చిన్న డీజిల్ ఇంజన్లనే పడవలకు బిగించి నడుపుతారు. వాటి చప్పుడును బట్టే ఆ పడవలకు భట్‌భటి అని పేరు వచ్చింది. మన గట్టున మౌనంగా ఉన్న యంత్రం అక్కడ ఒక కుటుంబపు జీవనాధారం. కోస్తా జాలరులు పాత బోటు మోటారు కొనేటప్పుడు చూసేది కూడా ఇదే: దమ్ము, ఆయిలు రంగు, నీటిదారి, విడిభాగాల లభ్యత.

కనీసం ముగ్గురిని అడగండి: పావగడలో ఇంజన్లు బాగుచేసే ఒక మెకానిక్‌ను, సరిహద్దు అవతల మడకశిర, హిందూపురం, కళ్యాణదుర్గం వైపు పాత యంత్రాలు అమ్మే ఒకరిని, ఇక గుజరీ వర్తకుణ్ణి. ముగ్గురి మాట విన్న తరువాతనే మీ ధర చెప్పండి.

"పురాతనం" అన్న మాటతో జాగ్రత్త

పాత వస్తువులన్నీ పురావస్తువులు కావు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం సాధారణంగా నూరేళ్లు నిండిన వస్తువులే ఆ కోవలోకి వస్తాయి. మన ఇంజన్లు అందులోకి రావు. అయితే ఇంగ్లండులోనే తయారైన అసలు లిస్టర్ ఇంజన్లను ఆసక్తితో సేకరించేవారు ఉన్నారు. అక్కడ ఈ నమూనా తయారీ 1987లో నిలిచిపోయింది. మీ ఇంజను పలకపై డర్స్‌లీ పేరు కనిపిస్తే తొందరపడి తూకానికి వేయకండి, ఫోటోలు తీసి విచారించండి. రాజ్‌కోట్ నకలుకు మాత్రం ఆ ఆశ పెట్టుకోరాదు.

"మీ ఇంజను లక్షలు చేస్తుంది, ముందు రిజిస్ట్రేషన్ రుసుము కట్టండి" అని ఫోనులో చెప్పేవారిని నమ్మకండి. కొనేవాడు డబ్బు ఇస్తాడే గానీ అడగడు. ఫోనుకు వచ్చిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి పిన్ నొక్కితే డబ్బు మన ఖాతా నుండి పోతుంది, రాదు. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరమే లేదు. మోసపోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

పొత్తు, అప్పు, కాగితం

ధర కుదిరినా అమ్మే హక్కు ఎవరిదో తేలకపోతే ఆ పైకం ఇంట్లో చిచ్చు పెడుతుంది. మన పల్లెలలో బావులు అనేకం పొత్తు బావులు. ఇంజను కూడా అన్నదమ్ముల పొత్తులోనే కొన్నది అయి ఉండవచ్చు. తండ్రి పేరుతో ఉన్న యంత్రంలో అక్కచెల్లెళ్లకూ భాగం ఉంటుంది. వారందరినీ అడిగి, ఒక మాట మీదికి వచ్చిన తరువాతనే బేరం ఆడండి. ఐదారు వేల రూపాయల కోసం పండుగకు పిలుపులు ఆగిపోయే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఇంజను బ్యాంకు లేదా సహకార సంఘం అప్పుతో కొన్నదైతే, అప్పు తీరినట్లు పత్రం ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ముందుగా అది తీసుకోండి.

అమ్మినప్పుడు చిన్నదైనా విక్రయ పత్రం రాసుకోవడం ఇరువురికీ రక్ష. వాహనంలో పోతున్న ఇంజనును సరిహద్దులో ఆపి అడిగితే కొన్నవాడి చేతిలో కాగితం ఉండాలి. ఆ ఇంజను రేపు మరెక్కడో వివాదంలో పడితే అమ్మినవాడికీ ఆధారం ఉండాలి. సరిహద్దు రెండు వైపులా చెల్లేలా కన్నడంలో ఒకటి, తెలుగులో ఒకటి రాయడం ఉత్తమం. నమూనా ఇది:

"........ గ్రామ నివాసి ........ అను నేను, మా కుటుంబ స్వంతమైన ........ తయారీ, ........ హెచ్.పి., ........ వరుస సంఖ్య గల ఆయిల్ ఇంజనును పంపుతో సహా, ఉన్నది ఉన్నట్లుగా, ........ గ్రామ నివాసి ........ గారికి రూ. ........ లకు విక్రయించితిని. పైకము పూర్తిగా ముట్టినది. దీనిపై ఏ అప్పూ లేదు. భాగస్వాములందరి సమ్మతి ఉన్నది. తేదీ, సంతకములు, ఇద్దరు సాక్షులు."

"ఉన్నది ఉన్నట్లుగా" అన్న మాట మరువకండి. తెలిసిన లోపాలను నోటితో చెప్పి, ఆ మాట కాగితంలో రాస్తే తరువాత తగవు రాదు.

వర్తకుడు మళ్లీ వచ్చే లోపల పలకపై రాతలు, భాగాల జాబితా, పరీక్షల ఫలితం, అడుగు ధర, పని ధర ఒక కాగితంపై రాసి ఇంట్లో అందరికీ తెలిసే చోట ఉంచండి. ఆ కాగితం చేతిలో ఉంటే ఇంట్లో అవ్వ ఒక్కరే ఉన్న వేళ కూడా బేరం న్యాయంగా సాగుతుంది.